పిల్లలతో, పెద్దవాళ్లతో బైల్‌ష్టైన్ చుట్టూ నడక: మేం తిరిగిన దారులు

జర్మనీలో మోజెల్ నది ఒడ్డున ఉన్న బైల్‌ష్టైన్ ఊళ్లో మూడు రోజులు ఉంటామని, నాలుగేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న వెంట ఉంటారని, అందరూ నడవగలిగే హైకింగ్ దారులు చెప్పమని అడిగారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పి అని కూడా రాశారు. మేం ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటాం. ఆ ఊరికి నాలుగుసార్లు వెళ్లాం, ఒకసారి మా అత్తయ్యగారు కూడా వచ్చారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. దారి ఎంచుకునేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు అని చూడకండి. ఎక్కుడు ఎంత ఉంది, నడక మధ్యలో పిల్లలు ఆగి ఆడుకోవడానికి ఏముంది, ఈ రెండే చూడండి. ఈ సంగతి మాకు కష్టపడి తెలిసింది. మొదటిసారి వెళ్లినప్పుడు ఎల్ట్స్ కోట చుట్టూ తిరిగివచ్చే 12.6 కిలోమీటర్ల దారి పెట్టుకున్నాం. ఫోన్‌లో యాప్ నాలుగు గంటలు అంది. మా బాబుకి అప్పుడు ఐదేళ్లు. సగం దూరం కూడా రాకముందే ఎండకి వాడు కూర్చుండిపోయాడు. మిగతా దారంతా మావారు వాణ్ని భుజాల మీద మోశారు. కోట కనిపించేసరికి లోపలికి వెళ్లే ఓపిక ఎవరికీ లేదు. యాప్ చూపించేది ఆగకుండా నడిచే పెద్దవాళ్ల సమయం. నాలుగేళ్ల పిల్లలున్నప్పుడు దాన్ని రెట్టింపు చేసుకోండి.

మరుసటి ఏడాది అదే కోటకి కింద నుంచి, వాగు వెంబడి వెళ్లాం. మీకు ఒక్క రోజే దొరికినా ఆ దారికే వెళ్లమంటాను. బైల్‌ష్టైన్ నుంచి కారులో సుమారు ముప్పావు గంట వెళ్తే మోజెల్‌కెర్న్ అనే ఊరు వస్తుంది. ఊరు దాటాక రింగెల్‌ష్టైన్ పాత మిల్లు దగ్గర కారు పెట్టి నడక మొదలుపెట్టాలి. ఎల్ట్స్ వాగు పక్కనే, అడవి నీడలో, పెద్దవాళ్లకైతే 40 నిమిషాల దారి. మాకు గంటన్నర పట్టింది, ఎందుకంటే పాప కనిపించిన ప్రతి మడుగు దగ్గరా రాళ్లు వేసింది. చిన్న చిన్న వంతెనలు, వేర్లు తేలిన కాలిబాట, నీళ్ల చప్పుడు. ఎంతసేపటికి వస్తుంది అని పిల్లలు ఒక్కసారి కూడా అడగలేదు. చివర్లో మాత్రమే ఎక్కాలి. అక్కడ మలుపు తిరగ్గానే, కొండల మధ్య ఒక బండ మీద కోట ఒక్కసారిగా కనబడుతుంది. స్ట్రోలర్ ఈ దారిలో పనికిరాదు, పాపని వీపున మోసే క్యారియర్ తీసుకెళ్లండి.

అమ్మానాన్నల్ని ఈ దారిలో నడిపించక్కర్లేదు. పైన, కోటకి అవతలి వైపు అంటోనియస్ చాపెల్ దగ్గర ఇంకో పార్కింగ్ ఉంది. కోట తెరిచి ఉండే కాలంలో అక్కడి నుంచి గేటు దాకా చిన్న షటిల్ బస్సు నడుస్తుంది. మేం రెండు జట్లుగా విడిపోయాం. మావారు అత్తయ్యని పైనుంచి తీసుకొచ్చారు, నేను పిల్లలతో కింద నుంచి వెళ్లాను, కోట దగ్గర కలుసుకున్నాం. వాళ్లని చూడగానే నాయనమ్మ దగ్గరికి పరిగెత్తిన పిల్లల మొహాలు నాకింకా గుర్తే. తిరిగి వచ్చేటప్పుడు అందరం పైనుంచి కారులోనే వచ్చేశాం.

కోట గురించి పిల్లలకి ముందే కథలా చెప్పి పెట్టండి, నడక హుషారుగా సాగుతుంది. 1157 నాటి ఒక పత్రంలోనే ఎల్ట్స్ వంశం పేరు ఉంది. 850 ఏళ్లు దాటినా కోట ఇప్పటికీ ఆ వంశం వాళ్లదే. 1268కి ముందే ముగ్గురు అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారు, కానీ కోట విడిచి ఎవరూ వెళ్లలేదు. ఒకే ముంగిలి చుట్టూ వాళ్ల వాళ్ల ఇళ్లు కట్టుకున్నారు. ఇది చెప్తే మా అత్తయ్య ‘మన లోగిలి ఇళ్లలాగే ఉందమ్మా’ అన్నారు. తర్వాత లోపల ఏ గది చూసినా ఇది ఎవరి వాటా అని అడుగుతూనే ఉన్నారు. 1331లో ట్రియర్ ఆర్చ్‌బిషప్ బాల్డ్విన్ ఈ కోటని లొంగదీయడానికి ఎదురుగా కొండ మీద ఇంకో చిన్న కోట కట్టించాడు. దాని శిథిలాలు చెట్ల మధ్య ఇప్పటికీ ఉన్నాయి. మా బాబుకి అసలు కోట కంటే అవే నచ్చాయి. యూరో రాకముందు జర్మనీలో ఉన్న పాత 500 మార్కుల నోటు వెనక వైపు ఉన్నది కూడా ఈ ఎల్ట్స్ కోట బొమ్మే. లోపలికి గైడ్‌తోనే పంపుతారు, 40 నిమిషాల్లో అయిపోతుంది, ఫోటోలు తీయనివ్వరు.

ఇక బైల్‌ష్టైన్ సంగతి. నూట యాభై మంది కూడా లేని ఊరు, అన్నీ పాత కర్ర చట్రాల ఇళ్లే. ఇంత అందమైన ఊరికి రైలు లేదు, దానికో కారణం ఉంది. దగ్గర్లోని కోఖెమ్ పట్టణం దాటాక మోజెల్ నది ఇరవై కిలోమీటర్లకు పైగా పెద్ద మెలిక తిరుగుతుంది. రైలు మాత్రం ఆ మెలిక చుట్టూ తిరగకుండా, 1870లలో తవ్విన 4.2 కిలోమీటర్ల సొరంగంలోంచి నేరుగా వెళ్లిపోతుంది. బైల్‌ష్టైన్ ఆ మెలికలో ఉండిపోయింది. కారు లేకపోతే కోఖెమ్‌లో దిగి బస్సు ఎక్కాలి.

ఊళ్లోంచి పైన కార్మెలైట్ సన్యాసుల పాత చర్చికి రాతి మెట్లున్నాయి, సరిగ్గా 108. ఆ మాట వినగానే అత్తయ్య అష్టోత్తరం చదువుకుంటూ ఎక్కుతానన్నారు. మెట్టుకో నామం చొప్పున, మధ్యలో రెండుసార్లు కూర్చుని, నిజంగానే ఎక్కారు. చర్చిలో నల్లని మేరీమాత విగ్రహం ఉంది, అక్కడ కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డారు. మీ అమ్మగారికి మోకాళ్లు సహకరించకపోతే బలవంతపెట్టకండి, కింద చౌరస్తాలోనే కూర్చోవచ్చు.

మెట్టెర్నిహ్ కోట శిథిలాలకి ఊళ్లోంచి పావుగంట నడిస్తే చాలు, కాకపోతే నిట్టనిలువు ఎక్కుడు. 1689లో ఫ్రెంచి సైన్యం కూల్చాక మళ్లీ కట్టలేదు. పై బురుజు మీదినుంచి నది రెండు వైపులా కనిపిస్తుంది. పిల్లల చెయ్యి మాత్రం వదలకండి. ద్రాక్షతోటల వైపు దారులకి పొద్దున్నే వెళ్లండి. ఈ కొండల్లో నేలంతా పలక రాయి. ఎండకి కాగి సాయంత్రం దాకా వేడి వదలదు, నీడనిచ్చే చెట్టు ఉండదు. రీస్లింగ్ ద్రాక్ష పండేది ఆ వేడి వల్లే, పిల్లలకి మాత్రం అది కష్టం. పొద్దున తోటలు, మధ్యాహ్నం అడవి అని పెట్టుకుంటే సరిపోతుంది. వాన పడితే ఆ పలక రాళ్లు జారుతాయి, మామూలు స్పోర్ట్స్ షూ చాలదు. గుత్తులు చేతికందేంత దగ్గర్లో ఉంటాయి కానీ కోయకూడదని పిల్లలకి ముందే చెప్పండి, అవి ఒకరి కష్టం.

మీ బాబుకి బాగా నచ్చేది గైయర్‌లై వేలాడే వంతెన. బైల్‌ష్టైన్ నుంచి కారులో అరగంట లోపే. 2015లో తెరిచారు, 360 మీటర్ల పొడవు, లోయ నుంచి 100 మీటర్ల ఎత్తు. వంతెనకి టికెట్ లేదు, పార్కింగ్‌కి డబ్బులు కట్టాలి. మ్యోర్స్‌డోర్ఫ్ ఊరి నుంచి రెండు కిలోమీటర్ల కంటే కాస్త తక్కువ నడక, పొలాల మధ్య దాదాపు సమంగా ఉంటుంది. పెద్దవాళ్లు వంతెన ఎక్కకపోయినా అక్కడి దాకా హాయిగా రాగలరు. అవతలికి వెళ్లి, అదే వంతెన మీద వెనక్కి రండి. లోయలోకి దిగి తిరిగివచ్చే దారి కూడా ఉంది, కానీ నాలుగేళ్ల పాపతో ఆ ఎక్కుడు వద్దు. ఉరుములున్నా, గాలి బాగా వీస్తున్నా ఇంకో రోజుకి మార్చుకోండి. ఆదివారం అయితే పొద్దున తొమ్మిదికల్లా చేరిపోండి, తర్వాత వంతెన మీద తోపులాటే.

బ్రెమ్ దగ్గర కాల్మోంట్ దారి గురించి ఎవరైనా గొప్పగా చెప్తారు. నిజంగానే గొప్ప చోటు, యూరప్‌లో అంత నిటారు ద్రాక్షతోటలు అరుదు. కానీ ఆ దారిలో ఇనుప నిచ్చెనలు, పట్టుకునే తీగలు ఉంటాయి. మీ ఇద్దరు పిల్లలతో అక్కడికి వెళ్లకండి.

పిడుదుల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. గడ్డిలో, పొదల్లో ఉంటాయి, కరిస్తే జబ్బులు రావచ్చు. పొడుగు ప్యాంటు వేసి అంచుల్ని సాక్సులోకి దోపండి. రాత్రి స్నానం చేయించేటప్పుడు మోకాలి వెనక, చంకలు, చెవుల వెనక, జుట్టు మొదళ్లు చూడండి. ఒకసారి మా పాప మెడ వెనక దొరికింది. వెంటనే పట్టకారుతో లాగేశాం, కొన్ని వారాల పాటు అక్కడ ఎర్రటి వలయం వస్తుందేమోనని చూస్తూ ఉన్నాం. ఏమీ రాలేదు, కానీ ఆ టెన్షన్ మర్చిపోలేను. అడవుల్లో అక్కడక్కడ ఆకుపచ్చ బోర్డు మీద అత్యవసర స్థలం నంబరు రాసి ఉంటుంది. కనిపించినప్పుడల్లా ఫోటో తీసుకోండి, 112కి ఫోన్ చేయాల్సి వస్తే ఆ నంబరు చెబితే చాలు.

తిండికి పులిహోర, చపాతీ చుట్టలు, నీళ్లు మీవే పట్టుకెళ్లండి. ఆదివారం కిరాణా షాపులు మూసేస్తారు కాబట్టి శనివారమే కొనుక్కోండి. కొంచెం నగదు కూడా జేబులో ఉండాలి.

మూడో రోజు ఎవరికీ ఓపిక లేకపోతే బైల్‌ష్టైన్ రేవులో పడవెక్కి అవతల ఎల్లెంట్స్‌కి దాటండి. ఏటి ఒడ్డున చదునైన దారి, స్ట్రోలర్ కూడా నడుస్తుంది. బల్లల మీద కూర్చుంటే ఎదురుగా ఊరూ కోటా మొత్తం కనిపిస్తాయి. అమ్మగారికి ఇదే అన్నిటికంటే బాగుంటుంది. పడవ చలికాలంలో తిరగదు, ఎల్ట్స్ కోట కూడా ఏప్రిల్ నుంచి అక్టోబర్ చివరి దాకానే తెరిచి ఉంటుంది. మీరు ఏ నెలలో వెళ్తున్నారో రాస్తే, ఆ కాలానికి తగ్గట్టు మూడు రోజుల వరస చెప్తాను.