అరోవానా తొట్టిలో ప్రతి వారం ఉప్పు వేయాలా?

ప్రశ్న: పాడితో పాటు అక్వేరియం చేపలు పెంచి తిరుపతి షాపులకు ఇస్తుంటాను. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న అద్దాల తొట్టిలో ఒక సిల్వర్ అరోవానా, రెండు ఆస్కార్లు, ఒక రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ ఉన్నాయి. రోగాలు రావని ఎవరో చెబితే మూడు నెలలుగా వారానికి పావు కిలో రాళ్ల ఉప్పు వేస్తున్నాను. నీళ్లు తగ్గితే బోరు నీళ్లు నింపుతున్నానే గానీ పాత నీళ్లు తీయలేదు. నాలుగు రోజులుగా క్యాట్‌ఫిష్ మేత ముట్టడం లేదు. ఆస్కార్లు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. ఉప్పు ఇంకా పెంచమంటారా?
– ఒక రైతు, చంద్రగిరి మండలం

జవాబు: పెంచకండి. ఈ రోజే ఉప్పు ఆపేయండి. మీ తొట్టిలో ఇప్పటికే చాలా ఎక్కువైంది.

లెక్క చూడండి. తొట్టి పైభాగం ఖాళీ వదిలితే మీ దగ్గర దాదాపు 500 లీటర్ల నీళ్లుంటాయి. 12 వారాలకు వేసిన ఉప్పు 3 కిలోలు. నీరు ఆవిరైపోతుంది గానీ ఉప్పు పోదు కాబట్టి అదంతా తొట్టిలోనే ఉంది. అంటే లీటరుకు 6 గ్రాములు. సుమారు 9 గ్రాముల దగ్గర నీటి ఉప్పదనం చేప రక్తంతో సమానమవుతుంది. అరోవానా, ఆస్కార్, రెడ్ టెయిల్ మూడూ అమెజాన్ ప్రాంతపు చేపలు. అక్కడి నీళ్లలో లవణాలు చాలా తక్కువ. పొలుసుల్లేని క్యాట్‌ఫిష్ ముందుగా ఇబ్బంది పడటంలో ఆశ్చర్యం లేదు.

ఉప్పు వల్ల మేలు లేదని అనడం లేదు. మంచినీటి చేప ఒంట్లోకి మొప్పల గుండా నీరు ఎప్పుడూ చొరబడుతూనే ఉంటుంది. దాన్ని బయటికి పంపడానికి చేప బలం ఖర్చవుతుంది. దెబ్బతిన్న చేపకు కొద్దిపాటి ఉప్పు ఆ భారం తగ్గిస్తుంది. కానీ అది మందు. గేదెకు రోగం లేకుండా వారం వారం ఇంజెక్షన్ వేయించం కదా, ఇదీ అంతే.

ఆస్కార్లు పైకొచ్చి నోరు తెరవడం చూస్తే నాకు ఉప్పు కంటే పాత నీళ్ల మీదే అనుమానం ఎక్కువ. ఈ వేటచేపలు మాంసం తింటాయి, వ్యర్థాలూ అంతే ఎక్కువ వదులుతాయి. మూడు నెలలు నీళ్లు తీయకపోతే అమ్మోనియా, నైట్రైట్ అనే విషాలు పేరుకుంటాయి. నైట్రైట్ రక్తంలోకి చేరితే మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేపకు అందదు. దీనికి మాత్రం ఉప్పు నిజంగా పనిచేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి రానివ్వదు. అందుకు లీటరుకు ఒక గ్రాము చాలు. అమ్మోనియాకు మాత్రం ఉప్పు విరుగుడు కాదు.

నీళ్లు ఒక్కసారిగా మార్చేయకండి. పాతబడిన తొట్టిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత) పడిపోయి ఉంటుంది. గిన్నెలకు తెల్లటి పొర కట్టే మన బోరు నీళ్లు ఒకేసారి పోస్తే పీహెచ్ పైకి లేచి, అప్పటిదాకా పెద్దగా హాని చేయని అమ్మోనియా విషంగా మారుతుంది. రోజుకు 75 లీటర్లు తీసి, ఉప్పు లేని నీళ్లు అంతే పోయండి. వారం రోజుల్లో ఉప్పు లీటరుకు సుమారు 2 గ్రాములకు దిగుతుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలిపి వాడండి. ఎయిర్ పంపు రాత్రింబవళ్లు నడవాలి, ఎండాకాలంలో వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువే. మూడు రోజులు మేత పెట్టకండి, ఎదిగిన చేపలకు ఏమీ కాదు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాకుండా తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. ఫిల్టర్‌లో జియోలైట్ (అమ్మోనియాను పట్టుకునే రాళ్లు) ఉంటే వెంటనే తీసేయండి. ఉప్పు తగిలితే అది పట్టుకున్న అమ్మోనియాను తిరిగి నీళ్లలోకి వదిలేస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

తీసిన నీళ్లు టమాటా మడికో మామిడి మొక్కకో పోయకండి. ఆ ఉప్పు మట్టిని పాడుచేస్తుంది, మామిడి అసలే తట్టుకోలేదు.

ముందుముందు తెల్లమచ్చ రోగం వస్తే అప్పుడు ఉప్పు వాడండి. లీటరుకు 2 నుంచి 3 గ్రాములు, త్రాసులో తూచి, బక్కెట్‌లో కరిగించి, రెండు రోజుల్లో విడతలవారీగా పోయాలి. రాళ్లు నేరుగా వేస్తే అడుగున పడుకునే క్యాట్‌ఫిష్ ఒళ్లు కాలుతుంది. దానికి సగం మోతాదుతో మొదలుపెట్టి గమనించండి. చర్మం కింద దాగిన ఆ రోగపు పురుగును ఉప్పు తాకలేదు. అది రాలి పిల్లలు పెట్టాక ఆ పిల్లలే ఉప్పుకు చస్తాయి కాబట్టి 10 నుంచి 14 రోజులు ఆ మోతాదు నిలపాలి. మధ్యలో నీళ్లు మారిస్తే, తీసిన నీళ్లకు సరిపడా ఉప్పే మళ్లీ కలపండి. ఆవిరైన నీళ్ల బదులు పోసేవాటిలో కలపక్కర్లేదు.

ఇంకొక మాట. రెడ్ టెయిల్ మీటరు పైగా పెరుగుతుంది, ఐదడుగుల తొట్టి దానికి సరిపోదు. పెద్దదైందని చెరువులోనో కల్యాణి డ్యామ్‌లోనో వదలకండి. 2018 వరదల తర్వాత కేరళలో చాలకుడి నదిలో అరపైమా లాంటి అమెజాన్ చేపలు దొరికాయి. పెద్ద సిమెంట్ తొట్టి ఉన్నవారికి ఇచ్చేయడం మంచిది.

అక్వేరియం షాపులో దొరికే టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ ఈ రోజే చూసి, ఆ అంకెలు, మొప్పల రంగు రాసి పంపండి. నైట్రైట్ కనిపిస్తే ఉప్పు తగ్గించడం లీటరుకు 2 గ్రాముల దగ్గరే ఆపండి, లేకపోతే ఉప్పు పూర్తిగా పోయేదాకా నీళ్లు మారుస్తూ ఉండండి.