ఫీల్డును క్షేత్రం అనవచ్చా?

సందేహం: రైతుల భూముల వివరాల కోసం జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సాధనం) వెబ్‌సైట్ చేస్తున్నాం. ‘2 ఎకరాల 35 సెంట్లు’ లాంటి విస్తీర్ణానికి ఒక కస్టమ్ మోడల్ ఫీల్డ్ రాసుకున్నాం. మోడల్ అంటే డేటాబేసు పట్టిక ఎలా ఉండాలో చెప్పే కోడు, ఫీల్డ్ అంటే అందులో ఒక్కో విలువను ఉంచే చోటు. విద్యార్థుల నోట్సులో దాన్ని ‘అనుకూలీకరించిన నమూనా క్షేత్రం’ అన్నాను. సరైనదేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: వ్యాకరణ దోషం లేదు. కానీ చదివిన విద్యార్థికి ఏం అర్థమవుతుంది? క్షేత్రం అంటే మన వైపు కదిరి నరసింహస్వామి గుర్తొస్తాడు. భౌతికశాస్త్రంలో అయస్కాంత క్షేత్రం ఉంది, అక్కడ చెల్లుతుంది. మీ సైట్ నిండా ఉన్నవి పొలాలు. సంస్కృతంలో క్షేత్రమన్నా పొలమే. పొలం విస్తీర్ణం రాసే చోటు కూడా క్షేత్రమే అయితే చదివేవాడు ఏమైపోవాలి?

మనకు ‘గడి’ ఉంది. గడి అంటే ఎల్ల, పొలిమేర. రాజ్యం సరిహద్దున ఉండే కోట గడిదుర్గం. మడకశిర దాటి అటు వెళితే కన్నడిగులు ఈనాటికీ సరిహద్దును గడి అనే అంటారు. ఆ ఎల్ల నాలుగు వైపులా చుట్టి వస్తే లోపలి చోటు కూడా గడి అయిందని నాకు తోస్తుంది. చదరంగంలో గడి, పత్రికలో పదాల గడి అలాంటివే. బండి బళ్లయినట్టు గడి గళ్లయి చీరల మీదికీ ఎక్కింది.

మీ ఫీల్డ్ పని కూడా ఎల్ల దగ్గరే. ఎకరాకు 100 సెంట్లు కనుక డేటాబేసులో 235 అనే పూర్ణాంకం దాస్తే చాలు. లోపలికి పంపేటప్పుడు ‘గెట్ ప్రెప్ వాల్యూ’ అనే ఫంక్షన్ అంతా సెంట్లలోకి మారుస్తుంది. బయటికి తెచ్చేటప్పుడు ‘ఫ్రమ్ డీబీ వాల్యూ’ అనే ఫంక్షన్ మళ్లీ ఎకరాలు, సెంట్లుగా విడదీస్తుంది. లోపల ఒక రూపం, బయట ఒక రూపం, మధ్యలో ఎల్ల. గడి కన్నా దగ్గరి మాట ఏముంది?

‘అనుకూలీకరించిన’ మాత్రం తీసేయండి. కంప్యూటర్ తెలుగులో ప్రతి పనికీ ‘ఈకరించు’ తగిలించడం మితిమీరింది. ‘సొంత గడి’ అంటే తక్కువేం కాదు. మోడల్‌ను మోడల్‌గానే ఉంచండి, నమూనా అంటే శాంపిల్ అనుకుంటారు. కోడులో ఎలాగూ ఫీల్డ్ అనే ఉంటుంది కాబట్టి నోట్సులోనూ అదే రాస్తానంటే నేను తప్పు పట్టను.

కొందరు ‘అర’ అంటున్నారు. బీరువా అరలా విలువను దాచే చోటు అనుకుంటే అదీ కుదురుతుంది. కాకపోతే ‘అర ఎకరా’ రాయాల్సి వచ్చినప్పుడు మీకే చిక్కు.