మా అబ్బాయికి మెయిన్‌ఫ్రేమ్ ఇచ్చారు, చేరమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేశాడు. క్యాంపస్‌లో ఒక పెద్ద సర్వీస్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. తీరా చూస్తే ట్రైనింగ్‌కి మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకులవంటి పెద్ద సంస్థల లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్), దానిమీద ప్రోగ్రాములు రాసే కోబాల్ భాష ఇచ్చారు. నాకైతే సంతోషమే. 1998లో మా వీధి కుర్రాళ్ళు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకునే అమెరికా వెళ్ళారు. వాడేమో అది చచ్చిపోయిన టెక్నాలజీ అంటున్నాడు. ఫ్రెండ్స్ అంతా మైక్రోసర్వీసెస్ (ఒక పెద్ద ప్రోగ్రామును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి నడిపే పద్ధతి) మీద పనిచేస్తుంటే నేను మ్యూజియంలో కూర్చోవాలా అని రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. చేరమనాలా, వద్దనాలా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: చేరమనండి. అయితే మీ వీధి కుర్రాళ్ళను చూపించి మాత్రం చెప్పకండి.

1998లో మీరు చూసింది కోబాల్ మహిమ కాదండీ, గడువు మహిమ. అరవైలలో కంప్యూటర్ మెమరీ బంగారంతో సమానం, పంచ్ కార్డు మీద ఉండేవి 80 గళ్ళే. అందుకని సంవత్సరాన్ని నాలుగంకెలు కాకుండా రెండంకెలే రాసేవారు. 1999 పోయి 2000 వస్తే ఆ ‘00’ని యంత్రం 1900 అనుకుంటుంది. వడ్డీ లెక్కలు, పాలసీ గడువులు, పెన్షన్లు అన్నీ తలకిందులవుతాయి. వాయిదా వేయడానికి వీల్లేని తేదీ అది. లక్షల ప్రోగ్రాముల్ని వరుస వరుసా చదివి దిద్దే మనుషులు కావాల్సి వచ్చింది. 65 వేలున్న హెచ్1బీ వీసాల పరిమితిని అమెరికా 1999లో లక్షా 15 వేలకు, 2001లో లక్షా 95 వేలకు పెంచింది. 2004కి మళ్ళీ 65 వేలకే దించేసింది. మీ వీధి కుర్రాళ్ళు ఆ కిటికీ తెరిచి ఉన్నప్పుడు దూకినవాళ్ళు.

నేనూ ఆ గుంపులోవాడినే. మైత్రీవనం వెనక సందులో, మేడమీద గదిలో, జిరాక్స్ నోట్స్‌తో మూడు నెలల కోర్సు. మెయిన్‌ఫ్రేమ్‌ని కంటితో చూడకుండానే మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్న తరం మాది. నాతోపాటు వెళ్ళినవాళ్ళలో రెండంకెల్ని నాలుగంకెలు చేయడం ఒక్కటే తెలిసినవాళ్ళు 2001లో పెట్టె సర్దుకుని వచ్చేశారు. అదే ప్రోగ్రాములు దిద్దుతూ లోన్ వడ్డీ ఎలా లెక్కకడతారు, పాలసీ ఎప్పుడు ల్యాప్స్ అవుతుంది అని బుర్రకెక్కించుకున్నవాళ్ళు నిలబడ్డారు. కొందరు ఇప్పటికీ అక్కడే, ఆ లెక్కల మీదే బతుకుతున్నారు.

2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవాళ్ళు కావాలని పిలుపిచ్చారు. ఆ వార్త మీ వాట్సాప్‌లో కూడా తిరిగి ఉంటుంది. ఆయన పిలిచింది వాలంటీర్లని, అంటే జీతం లేని పనికి! కొరత ఉందన్న వార్త చూసి జీతం లెక్కలు వేసుకోకండి.

ఇక మీవాడి మ్యూజియం సంగతి. మెయిన్‌ఫ్రేమ్ అంటే దుమ్ముపట్టిన బీరువా అని వాడి ఊహ. ఐబీఎం జెడ్17 అనే మెయిన్‌ఫ్రేమ్ 2025లోనే మార్కెట్‌లోకి వచ్చింది. పాతబడనిది యంత్రం కాదు, కంపెనీ ఇచ్చిన మాట. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టమ్/360 అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. అంతకుముందు కంపెనీ పెద్ద కంప్యూటర్ కొనుక్కుంటే చాలాసార్లు పాత ప్రోగ్రాములన్నీ మళ్ళీ రాసుకోవాల్సి వచ్చేది. ఈ కుటుంబంలో చిన్న యంత్రానికి రాసింది పెద్ద యంత్రంలోనూ నడుస్తుంది అన్నారు. ఆ తర్వాతి తరాల యంత్రాల్లో కూడా ఆ మాట నిలబెట్టుకుంటూ వచ్చారు. అందుకే అప్పటి ప్రోగ్రాములు ఇంకా జీతాలు లెక్కకడుతున్నాయి.

మీవాణ్ణి ఒకసారి ల్యాప్‌టాప్ తీసి పైథాన్‌లో 0.1 + 0.2 కొట్టమనండి. 0.30000000000000004 అని వస్తుంది. తప్పు పైథాన్‌ది కాదు, దశాంశాన్ని బైనరీలో దాచినప్పుడు వచ్చే తేడా అది. కోబాల్ మాత్రం డబ్బుని మన జమాఖర్చుల పుస్తకంలో రాసుకున్నట్టు దశాంశాల్లోనే పెట్టుకుంటుంది, పైసా అటూ ఇటూ కాదు. అది ఇవాళ వేరే భాషల్లో కూడా చేయొచ్చు. కానీ 1959లో మొదలైన కోబాల్‌ని లెక్కల పనికోసమే రూపొందించారని అర్థమైతే, వాడికి దానిమీద ఉన్న చులకన కొంచెం తగ్గుతుంది.

ఇంకొకటి నా అనుభవంలోది. ఒక బ్యాంకు ప్రాజెక్టులో నైట్ సపోర్ట్ చేస్తున్నాను. రాత్రి రెండు దాటాక బ్యాచ్ జాబ్ (ఆ రోజు లెక్కలన్నీ ఒకేసారి నడిపే పని) ‘సాక్ సెవెన్’ అనే ఎర్రర్ కొట్టి ఆగిపోయింది. అంకె ఉండాల్సిన చోట అంకె కానిది ఉంటే మెయిన్‌ఫ్రేమ్ అలా పడిపోతుంది. తెల్లారేలోగా జాబ్ పూర్తవ్వకపోతే ఖాతాల్లో జమలు పడవు. టెన్షన్‌తో అరచేతులు చెమటలు పట్టాయి. డంపులో (ఆగిన క్షణంలో మెమరీలో ఉన్నదాని నకలు) వెతికితే డబ్బు మొత్తం ఉండాల్సిన గడిలో 40, 40, 40 అని కనిపించింది. మెయిన్‌ఫ్రేమ్ సంకేతాల్లో 40 అంటే ఖాళీ. సున్నాలుండాల్సిన చోట ఖాళీలు ఎందుకొచ్చాయి? ఆ వారమే వేరే టీమ్ కొత్త వెబ్ స్క్రీన్ పెట్టింది. అందులో కస్టమర్ ఆ గడి నింపకపోతే అది ఖాళీలే పంపిస్తోంది. పాత స్క్రీన్ సున్నాలు పంపేది, ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టలేదు. నేను కలిపింది అంకెనా కాదా అని చూసే ఒక్క షరతు. అది కనుక్కోవడానికి రాత్రంతా పట్టింది. ఆ తర్వాత ఏ టెక్నాలజీకి మారినా నాకు పనికొచ్చింది ఆ రాత్రి నేర్చుకున్నదే: ఒక సిస్టమ్ ఇంకో సిస్టమ్‌కి ఏం పంపిస్తుందని నమ్ముతున్నాం, ఆ నమ్మకం ఎక్కడ రాసి ఉంది?

‘అంత పాతదైతే తీసేసి కొత్తగా రాయొచ్చుగా’ అని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఖాతాదారుల వివరాల్ని ఒక వారాంతంలో కొత్త సిస్టమ్‌కి మార్చింది. సోమవారానికి దాదాపు 19 లక్షల మంది తమ ఖాతా తాము తెరవలేకపోయారు. 2022లో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. నలభై ఏళ్ళ ప్రోగ్రాములో నలభై ఏళ్ళ నియమాలుంటాయి, రాసినవాళ్ళలో చాలామంది రిటైరైపోయారు. కోబాల్‌ని జావాలోకి మార్చే ఏఐ టూల్స్ వచ్చాయి, ఐబీఎం 2023లోనే ఒకటి ప్రకటించింది. అయినా ఏ నియమం ఇంకా అవసరం, ఏది వదిలేయొచ్చు అనేది ఎవరో ఒకరు చదివి తేల్చాలి. ఆ చదివేవాళ్ళ పక్కన కూర్చునే అవకాశం మీవాడికి వచ్చింది.

మైక్రోసర్వీసెస్ గురించి రెండు ముక్కలు. నెట్‌ఫ్లిక్స్ అటు వెళ్ళడానికి కారణముంది. 2008లో డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయారు, క్లౌడ్‌కి పూర్తిగా మారేసరికి 2016 జనవరి అయింది. అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఒక టీమ్ దీనికి తిరుగుదారి పట్టింది. వీడియో నాణ్యత పరిశీలించే తమ సిస్టమ్‌ని ముక్కల్లోంచి మళ్ళీ ఒకే ప్రోగ్రాముగా కలిపితే ఖర్చు 90 శాతం తగ్గిందని 2023లో రాసుకున్నారు. రెండూ వాళ్ళ వాళ్ళ అవసరానికి సరైనవే. మీవాడి ఫ్రెండ్స్‌లో ‘మాది మైక్రోసర్వీసెస్’ అనేవాళ్ళని ‘ఎందుకు?’ అని అడగమనండి. సగంమంది నీళ్ళు నములుతారు.

మరి భయపడాల్సింది దేనికి? టెక్నాలజీకి కాదు, పని రకానికి. మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టుల్లో రెండు రకాల కుర్చీలుంటాయి. ఒకదాంట్లో ప్రోగ్రాములు చదవడం, మార్చడం, టెస్ట్ చేయడం. రెండోదాంట్లో రాత్రి షిఫ్టులో జాబులు ఆగాయా లేదా అని చూస్తూ, ఆగితే టికెట్ (సమస్య నమోదు) రాసి పైవాళ్ళకు ఫోన్ చేయడం. రెండోదాంట్లో ఏడాది దాటి ఉంటే, మూడేళ్ళ తర్వాత వాడి రెజ్యూమెలో చెప్పుకోవడానికేమీ ఉండదు. ప్రాజెక్ట్ కేటాయించేటప్పుడే మేనేజర్‌ని మర్యాదగా, సూటిగా అడగాలి: ‘సర్, ఇది డెవలప్‌మెంటా, మానిటరింగా?’ మానిటరింగే అయితే ఆరు నెలల్లో మార్పు అడగాలి. అప్పటికీ కదలకపోతే కంపెనీ మారడమే.

ఈలోగా అమీర్‌పేటలో వేలు పోసి కోర్సు కొనకండి. ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ అనే సైట్‌లో ఉచితంగా నిజమైన మెయిన్‌ఫ్రేమ్ మీద సాధన చేయొచ్చు, మాకు దొరకని భాగ్యం. గ్నూకోబాల్ అనే సాఫ్ట్‌వేర్‌తో కోబాల్ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. మెయిన్‌ఫ్రేమ్‌లో జాబులు నడిపే జేసీఎల్, డేటా దాచే డీబీ2, స్క్రీన్ లావాదేవీలు నడిపే సీఐసీఎస్ ట్రైనింగ్‌లో వాళ్ళే నేర్పుతారు. పక్కన జావా గానీ పైథాన్ గానీ, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వదలకూడదు. ఇప్పుడు ముందు యాప్, వెనక మెయిన్‌ఫ్రేమ్, మధ్యలో రెండిటినీ కలిపే ఏపీఐ. రెండు ఒడ్లూ తెలిసినవాడికి గిరాకీ ఎక్కువ.

చివరగా మీరు చూడాల్సిన పని ఒకటుంది. చేరేముందు సర్వీస్ అగ్రిమెంట్ మీరే కూర్చుని చదవండి. ఎన్నాళ్ళు పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ట్రైనింగ్ కాలం అందులో కలుస్తుందా లేదా చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తెచ్చుకోమనండి, వాళ్ళ దగ్గర జిరాక్సులే ఉండాలి.