గోడకా, గురికా, ముందు తేల్చుకో

చిరంజీవి కిరణ్‌కు మామ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. మీ తాత తుపాకిని మీ నాన్న, అదే మా బావ, నీకు ఇచ్చేస్తానన్నాడని, వచ్చే వారం కుప్పం వెళ్లి కారు డిక్కీలో వేసుకుని మారతహళ్లి ఫ్లాటుకు తెచ్చుకుంటానని, అందులో కూరే తుపాకి మందు (గన్‌పౌడర్) ఎక్కడ దొరుకుతుందో చెప్పమని రాశావు. ఆఖరున అడగాల్సింది మొదట అడిగావురా. ఆ డిక్కీ ఆలోచన ఇప్పుడే మానుకో. లైసెన్సు బావ పేరున ఉన్నంతకాలం నువ్వు ఒక్కడివే ఆ తుపాకిని బండిలో పెట్టుకుని రాష్ట్రం దాటితే, అది సొంత తాతదైనా సరే, పోలీసులకు నువ్వు లైసెన్సు లేకుండా ఆయుధం పట్టుకుపోతున్నవాడివే.

కాగితాల సంగతి తర్వాత. ఆ తుపాకి ఖాళీగా ఉందో లేదో ఈ మధ్య ఎవరైనా చూశారా? మూతిలోంచి మందు కూరే తుపాకికి (మజిల్ లోడర్‌కు) వెనక తెరిచి చూసే వీలు ఉండదు. అడవి పందుల కాపలాకు రాత్రి మందు దట్టించి పెట్టుకోవడం, పందులు రాకపోతే అలాగే మూలన నిలబెట్టడం మన వైపు మామూలే. తర్వాత అందరూ మర్చిపోతారు. మందు మర్చిపోదు. పొడిగా ఉంటే ఎన్ని దశాబ్దాలైనా దాని గుణం పోదు. 2018లో శివమొగ్గ జిల్లా నగరలో పాడుబడ్డ బావి పూడిక తీస్తే టిప్పు కాలపు రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి, చదివే ఉంటావు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ బురద మందు వాసన కొట్టిందట.

చూసే పద్ధతి బావకు ఫోనులో చెప్పు. తుపాకిని ఆయనే పట్టుకోవాలి. మూతిని మనుషులు లేని వైపు తిప్పి పెట్టి, పక్కనుంచి, మొహం మూతికి ఎదురుగా రాకుండా, చెక్క కడ్డీని మెల్లగా లోపలికి జారవిడవాలి. అది ఆగాక మూతి అంచు దగ్గర కడ్డీ మీద పెన్సిలుతో గీత పెట్టాలి. తర్వాత కడ్డీని బయటికి తీసి గొట్టం పక్కనే పైన ఆనించి, గీతను మూతి అంచుకు సరిగ్గా కలపాలి. కడ్డీ రెండో కొస, మందుకు నిప్పు అంటించే చిన్న క్యాపు పెట్టే చోటు దాకా వస్తే లోపల ఏమీ లేనట్టే. నాలుగు వేళ్లు ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. అది పాత గుడ్డ కావచ్చు, మందూ గుళ్లూ కావచ్చు. అలా ఉంటే అక్కడితో ఆపేయాలి. గుచ్చి లాగడం, వేడి చెయ్యడం, 'ఒకసారి పేల్చేస్తే పోతుంది కదా' అనడం, ఇవేవీ వద్దు. స్టేషనుకు ఒక మాట చెప్పి, లైసెన్సు ఉన్న తుపాకుల రిపేరు షాపుకు బావే తీసుకెళ్లాలి. లైసెన్సు పుస్తకం చేతిలో ఉండాలి.

ఇక అసలు ప్రశ్న. ఆ తుపాకి నీకు గోడ మీద పెట్టుకోవడానికా, గురి చూసి కాల్చడానికా? 'రెండూ' అనకు. మందు కొనే అర్హత ఉంటుందా ఉండదా అన్నది ఈ జవాబు మీదే ఉంది.

2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ ఆయుధాల నిబంధనలు సవరించింది. క్యూరియోగా, అంటే పాతకాలపు అరుదైన వస్తువుగా, లెక్కకు వచ్చే తుపాకిని సంపాదించుకోవడానికి, ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదంది. ఈ ఒక్క వాక్యం వాట్సాప్‌లో తిరిగి 'తాతల తుపాకులకు లైసెన్సు ఎత్తేశారు' అయిపోయింది. దాని కిందనే ఉన్న మిగతా రెండు వాక్యాలు ఎవరూ పంపరు. వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చాలన్నా లైసెన్సు ఉండాలి. ఆ తుపాకి లైసెన్సులో నమోదై ఉంటే తప్ప దానికి మందుగుండు అమ్మకూడదు. అంటే గోడకు అనుకుంటే మందు మాట మర్చిపో. పైగా ఏది క్యూరియో, ఏది కాదు అన్నది మనం ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు, అధికారులు ఒప్పుకోవాలి. మీ ఆఫీసులో ఎవరో 'మజిల్ లోడర్ అంటే ఆటోమేటిక్‌గా క్యూరియోనే' అన్నాడని రాశావు. వాడి మాట నమ్మి కేసు తెచ్చుకోకు.

అదే ఆఫీసులోని మడికేరి స్నేహితుడు తమకు లైసెన్సే అక్కర్లేదని చెప్పింది మాత్రం అబద్ధం కాదు. కాకపోతే అది వాళ్లకు. కూర్గ్‌లోని కొడవలకు, అక్కడ జమ్మా అనే వారసత్వ భూములున్న వాళ్లకు లైసెన్సు మినహాయింపు బ్రిటిష్ కాలం నుంచి ఉంది. 2019లో దాన్ని 2029 అక్టోబరు 31 వరకు పొడిగించారు. కర్ణాటక హైకోర్టు కూడా 2021లో సమర్థించింది. కైల్‌పోళ్దు పండక్కి వాళ్లింటికి వెళ్లి పూజలో తుపాకులు చూసి రా, భోజనం చేసి రా. చిత్తూరు జిల్లా వాడికి ఆ మినహాయింపు మాత్రం అంటదు.

గురికే అనుకుంటే దారి ఉంది, కొంచెం పొడుగు. 2016 ఆయుధాల నిబంధనల్లో 25వ నిబంధన నీకు పనికొస్తుంది. లైసెన్సుదారు పోయాకనే వారసుడికి ఇవ్వాలని లేదు. ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, వారసుడు అడగొచ్చు. బావకు రెండూ వర్తిస్తాయి. మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని రాయించుకోవాలి కాబట్టి మీ చెల్లెలి సంతకం ఇప్పుడే తీసుకో. అల్లుడుగారితో ఆ పొలం గొడవ ముదరకముందే తీసుకోవడం మంచిదని నా ఉద్దేశం. నువ్వు ఉండేది బెంగళూరు నగరంలో కాబట్టి దరఖాస్తు పోలీస్ కమిషనర్ ఆఫీసుకు వెళ్తుంది. కుప్పంలో అయితే కలెక్టరు. ఆధార్‌లో ఏ అడ్రసు ఉందో చూసుకో. సగం దరఖాస్తులు అక్కడే ఆగుతాయి. ఆయుధాల భద్రతా శిక్షణ సర్టిఫికెట్ కూడా కావాలి. మెడికల్ సర్టిఫికెట్, పోలీసు విచారణ ఎలాగూ తప్పవు.

బావ దగ్గర డబుల్ బ్యారెల్ కూడా ఉంది కదా, అది కూడా నీకే అంటున్నాడని అక్క చెప్పింది. 2019 డిసెంబరులో ఆయుధాల చట్టానికి చేసిన సవరణతో ఒక మనిషికి తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినా ఆ రెండులోనే లెక్క. ఈ రెండూ నీ పేరున వస్తే మామూలుగా మూడో తుపాకికి చోటు ఉండదు. అది ఇప్పుడే ఆలోచించు. అదే సవరణలో ఒక మేలు కూడా జరిగింది. లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది. బావ లైసెన్సుకు యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు ఉందా లేదా కూడా చూడు. పాత పుస్తకం మాత్రమే ఉండి ఆ నంబరు లేకపోతే ఆ లైసెన్సు చెల్లదు. ముందు దాని సంగతి చిత్తూరులో తేల్చుకోవాలి.

నీ పేరున లైసెన్సు వచ్చిందనుకుందాం. ఇప్పుడు మందు. దీనికి రెండు చట్టాలు వర్తిస్తాయని గుర్తుంచుకో. తుపాకి, దాని మందుగుండు 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తాయి. మందు పేలుడు పదార్థం కాబట్టి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనలు కూడా పడతాయి. వాటిని చూసేది నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఆ 1884 చట్టాన్నే మార్చాలని 2024లో కేంద్రం ముసాయిదా బిల్లు పెట్టి అభిప్రాయాలు అడిగింది. అందుకే పదేళ్ల క్రితం ఎవరో ఎలా కొన్నారో నువ్వు పట్టించుకోకు, నేను చెప్పినా సరే. నీ లైసెన్సులో రెండు అంకెలు ఉంటాయి. ఒకేసారి ఎంత ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎంత కొనవచ్చు. కొనే రోజున డీలరు చూసేది అదే, తనిఖీకి వచ్చినవాళ్లు చూసేదీ అదే. లైసెన్సు చేతికి రాగానే ఆ గడిలో మందు, క్యాపులు రాశారో లేదో అక్కడే నిలబడి చదువుకో. ఖాళీగా వదిలేస్తే తర్వాత రాయించుకోవడానికి మళ్లీ తిరగాలి.

లైసెన్సు ఉన్న డీలరు దగ్గరే, బిల్లుతో, లైసెన్సులో ఎక్కించి కొను. ఊళ్లో ఫలానా ఆయన చేసి ఇస్తాడు, క్వారీలో దొరుకుతుంది, దీపావళి పటాకులు విప్పితే వస్తుంది అనే మాటలు మన వైపు చాలా వింటావు. ఇంట్లో చేసిన మందు దగ్గర ఉంటే 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టెన్సెస్ చట్టం కింద కేసు. అది లైసెన్సు పోవడంతో ఆగే వ్యవహారం కాదు, జైలు. ఇంకో జాగ్రత్త. తూటాల్లో వాడే పొగరాని మందు వేరు, ఇది వేరు. డబుల్ బ్యారెల్ తూటా విప్పి ఆ పొడిని తాత తుపాకిలో పోస్తే గొట్టం చీలి చెయ్యి పోతుంది. కొలత అదే కదా అనుకోవద్దు. ఆ ఇనుము ఆ ఒత్తిడికి చేసింది కాదు.

కొనేటప్పుడు కక్కుర్తి పడకు, అంకె ఎంత ఉన్నా సరే. పచ్చడిలా ఏడాదికి సరిపడా పెట్టుకునే వస్తువు కాదు ఇది. నా మాట వింటే రేంజ్‌కి వెళ్లే ముందు కొద్దిగా కొని, అక్కడే అయిపోయేలా చూసుకో. నాలుగో అంతస్తు ఫ్లాటులో, కింద గ్యాస్ సిలిండర్లు, పక్కింట్లో పిల్లలు. 2023 అక్టోబరులో అత్తిబెలెలో పటాకుల గోదాము తగలబడి 14 మందికి పైగా పోయారు. సరుకు దించుతుండగా అంటుకున్న మంట అది. మన దగ్గర ఉండేది ఆ లెక్కలో చిటికెడే అనుకో, కానీ గుణం అదే.

మిగిలిన కాస్త మందుకు పద్ధతి చెప్తాను. తుపాకి, క్యాపులు ఉక్కు అలమారాలో తాళం వేసి పెట్టు. మందును మాత్రం బలమైన ఇనుప సేఫ్‌లో బిగించకు. బయట మంట వస్తే గట్టిగా మూసిన ఇనుప పెట్టె బాంబే అవుతుంది. కొన్నప్పటి డబ్బాలోనే ఉంచి, ఆ డబ్బాను మందమైన చెక్క పెట్టెలో పెట్టి, వేరే గదిలో తాళం వెయ్యి. క్యాపులు, మందు ఎప్పుడూ ఒకచోట ఉండకూడదు. స్టీలు డబ్బాలోకి, వాటర్ బాటిల్లోకి మార్చకు. పూజ గది, ఇన్వర్టర్, గీజర్ దగ్గర వద్దు. తియ్యడానికి ఇత్తడి లేదా రాగి చెంచా వాడు, ఇనుము రాపిడికి నిప్పురవ్వ వస్తుంది. ఆ రోజు నైలాన్ జర్కిన్ వేసుకోకు. తాళం చెవి నీ దగ్గరే ఉండాలి, ఫ్రిజ్ మీద గిన్నెలో కాదు.

బస్సులో, రైల్లో మందు తీసుకెళ్లడం నేరం. విమానంలో చెకిన్ లగేజీలో తూటాలకైనా పరిమితితో ఒప్పుకుంటారు, దీనికి అసలు ఒప్పుకోరు. ఎన్నికలప్పుడు తుపాకి స్టేషనులో జమ చెయ్యమని నోటీసు వస్తే వాదించకుండా ఇచ్చేసి రసీదు తీసుకో. ఊరికి తీసుకెళ్లి పందుల మీద ప్రయత్నిద్దాం అన్న ఆలోచన ఉంటే ఇప్పుడే తీసెయ్. వన్యప్రాణి చట్టం వేరు, కౌండిన్య అభయారణ్యం పక్కనే. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చినా 2019 సవరణ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

రేంజ్ సంగతి. మన క్లబ్బుల్లో నడిచేవి ఎయిర్ రైఫిల్, పాయింట్ టూ టూ రైఫిల్, షాట్‌గన్. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) పోటీల్లో మజిల్ లోడర్‌కు విభాగమే లేదు, వాటి అంతర్జాతీయ పోటీలు ఎంఎల్ఏఐసీ అనే వేరే సంఘం పెడుతుంది. కాబట్టి తుపాకి భుజాన వేసుకుని వెళ్లి నిలబడితే సెక్రటరీ ఒప్పుకోడు. ముందే రాసి అనుమతి తీసుకోవాలి, ఆ పొగకు పక్క లేన్లవాళ్లు గోల పెడతారు కాబట్టి ఖాళీ రోజు అడుగు. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి పోసేవాణ్ణి చూస్తే నేను అక్కడ నిలబడను. ముందు దెబ్బ తాలూకు నిప్పు లోపల కణకణలాడుతూ ఉంటుంది, మంట ధార వెంట డబ్బాలోకి ఎక్కుతుంది. ప్రతి దెబ్బకూ తడిగుడ్డతో గొట్టం తుడిచి, కాసేపు ఆగి, ఒక్క దెబ్బకు సరిపడా కొలిచి వేరే గొట్టంలో పెట్టుకున్నదే పొయ్యాలి. ఇంటికొచ్చాక వేడినీళ్లు, సబ్బుతో ఆ సాయంత్రమే కడుగు. తెల్లారేదాకా వదిలితే ఆ మసి తేమ పీల్చి తుప్పు మొదలవుతుంది. కడిగి ఆరబెట్టి నూనె రాయి.

ప్రస్తుతానికి నువ్వు చెయ్యాల్సింది మూడే. బావ చేత కడ్డీ పరీక్ష చేయించు. ఆయన లైసెన్సు ప్రతి పేజీ ఫోటో తీయించి పంపు, యూఐఎన్ ఉన్న పేజీ, మందుగుండు గడి ఉన్న పేజీ స్పష్టంగా రావాలి. గొట్టం మీద నంబరు గానీ ముద్ర గానీ ఉంటే అదీ పంపు. లైసెన్సులోని నంబరుతో అది కలవకపోతే మనం ముందు చిత్తూరు వెళ్లాలి. ఆదివారం మల్లేశ్వరం రా, దరఖాస్తు ఇద్దరం కూర్చుని నింపుదాం. అత్తయ్య ఉలవచారు పెడతానంది. వచ్చేటప్పుడు ఒరిజినల్ ఆధార్ మర్చిపోకు.

మీ మామ