మంచినీటి చేప అని అమ్మిన బల్లపరుపు చేప తిండి మానేస్తే

మీ ప్రశ్న చదవగానే నా మొదటి చేప గుర్తుకొచ్చింది. మంచినీటి ఫ్లౌండర్ (బల్లపరుపు చేప) అని దుకాణంలో ఇచ్చారు, పది రోజులుగా ఏమీ తినడం లేదు, ఇసుకలోంచి కదలడం లేదు, జబ్బు చేసిందా అని అడిగారు. కదలకపోవడం జబ్బు కాదు, దాని బతుకే అంత. తినకపోవడమే అసలు ఇబ్బంది. దయచేసి తొట్టెలో మందులు పోయకండి. నేను పోశాను. మూడో రోజుకు చేప పోయింది. అది ఆకలితో చచ్చిపోయిందని తెలుసుకోవడానికి నాకు ఇంకో చేప కావలసి వచ్చింది.

ఆ పేరుతో అమ్మే వాటిలో చాలావరకు అకైరిడే కుటుంబానికి చెందిన సోల్ అనే చిన్న బల్లపరుపు చేపలు. అమెరికా ఖండాల తీరాల్లో, నదీముఖాల్లో, మడ అడవుల మధ్య పారే ఉప్పుటేళ్లలో ఉంటాయి. కళ్లున్న వైపు పైకి ఉంచి, పొట్ట అంచు మీ వైపు తిప్పి చూడండి. తల మీ కుడి చేతి వైపు ఉంటే ఇది ఆ కుటుంబం కావచ్చు. నాలుక చేపలనే ఇంకో బల్లపరుపు రకానికైతే కళ్లు ఎడమ పక్కన ఉంటాయి. బల్లపరుపు చేపకు పిల్లగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే తలకు అటొకటి ఇటొకటి కన్ను ఉంటుంది, పెరిగే కొద్దీ ఒకటి నెత్తి మీదుగా రెండో పక్కకు జరుగుతుంది.

దుకాణదారు పూర్తిగా అబద్ధమాడలేదు. ఈ కుటుంబంలోని హాగ్‌చోకర్ అనే చేప పిల్లలు నది వెంట మంచినీటి దాకా వెళ్లి పెరుగుతాయి, గుడ్లు పెట్టే వయసుకు ఉప్పు వైపు తిరిగి వస్తాయి. (గరుకు పొలుసుల వల్ల ఈ చేప పందుల గొంతుకు అడ్డం పడేదట, అందుకే ఇంగ్లీషులో ఆ పేరు.) అంటే చిన్న చేప మంచినీటిలో కొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది, మనమూ మోసపోతాం.

ఇక తిండి. గుళికలు దానికి తిండిగానే తోచవు. పగలు వేస్తే మిగతా చేపలు క్షణంలో ఊడ్చేస్తాయి. నేను దీపాలన్నీ ఆర్పిన గంట తర్వాత, పొడవాటి గొట్టంతో బతికున్న బ్లడ్‌వర్మ్‌లను (ఎర్రటి చిన్న పురుగులు) సరిగ్గా దాని ముక్కు ముందు వదిలేవాణ్ణి. మొదటి రెండు రాత్రులు పట్టించుకోలేదు. మూడో రాత్రి ఇసుక లేచింది, పురుగులు లేవు! నెల గడిచాక గడ్డకట్టించిన పురుగులు కూడా తినసాగింది. ఓపిక లేనివారు ఈ చేపను పెంచకపోవడమే మంచిది, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

పెరిగే కొద్దీ దీనికి కాస్త ఉప్పునీరు కావాలి. అందుకు వంటింటి ఉప్పు పనికిరాదు, సముద్రపు అక్వేరియాలకు అమ్మే మిశ్రమమే వాడాలి. నీళ్లు మార్చిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా పెంచి, నీటి సాంద్రతను బట్టి ఉప్పును కొలిచే హైడ్రోమీటర్‌లో 1.005 దగ్గర ఆపాను. తొందరపడితే ఫిల్టర్‌లో ఉండి నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియా దెబ్బతింటుంది. మీ తొట్టెలో మంచినీటి చేపలు ఉంటే దీనికి వేరే తొట్టె తప్పదు. అడుగున సన్నని ఇసుకే ఉండాలి, గులకరాళ్లు కింది చర్మాన్ని గీరేస్తాయి.

అప్పుడప్పుడూ అది అద్దానికి అతుక్కుంటుంది. ఆ సమయంలో తెల్లటి అడుగుభాగాన్ని చూడండి. తల వెనక పొట్ట ఉండే చోట గుంట పడి ఉంటే ఈ రాత్రే పురుగులు వేయండి.