క్రిస్మస్ సినిమాలు: నొక్కే ముందు ఏడాది చూడండి

సందేహం: కడప నుంచి ఈ మధ్యే డాలస్ వచ్చాం. పిల్లలకు ఆరేళ్లు, పదకొండేళ్లు. ఇక్కడ ఏటా డిసెంబరులో అవే సినిమాలు మళ్లీ మళ్లీ చూస్తారట. ఏవి చూపించాలి?

జవాబు: తాడిపత్రి కె.వి.రెడ్డి గారి ‘మాయాబజార్’ 1957 నాటిది. ఇప్పుడు టీవీలో వస్తే కథ తెలుసుకుందామని ఎవరూ కూర్చోరు, తర్వాతి మాట తామే ముందు అనేద్దామని కూర్చుంటారు. ఇక్కడి క్రిస్మస్ సినిమాలదీ అదే వరస. ఇరవై చూడక్కర్లేదు, నాలుగైదు గట్టిగా చూస్తే చాలు.

ముందు టీవీ కోసం తీసిన అరగంట బొమ్మల కథలు పెట్టండి. ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ (1965), ‘హౌ ద గ్రించ్ స్టోల్ క్రిస్మస్’ (1966) ప్రకటనలు లేకుండా చూస్తే 25, 26 నిమిషాలే. ఆరేళ్ల బిడ్డ కదలకుండా కూర్చునేది అంతసేపే.

గ్రించ్ దగ్గరే చాలామంది పొరబడతారు. ఆ పేరుతో వెతికితే 1966, 2000, 2018 మూడూ వస్తాయి. 2000 నాటిది మనుషులు వేషం కట్టి నటించిన పెద్ద సినిమా, ఆ వేషానికి చిన్నపిల్లలు జడుసుకోవచ్చు. ‘హోమ్ అలోన్’ కూడా అంతే. 1990, 1992 నాటి రెండింట్లో ఒకే పిల్లాడు, 1997 నాటి మూడోదాంట్లో వేరే పిల్లాడు. మొదటిది 103 నిమిషాలు, మీ పెద్దవాడికి సరిగ్గా సరిపోతుంది.

సినిమా మీద పీజీ (పెద్దలు చూసుకుని పిల్లలకు చూపించమనే గుర్తు) అని రాసి ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ‘గ్రెమ్లిన్స్’ (1984) పీజీయే. పదమూడేళ్ల లోపు వాళ్ల విషయంలో మరింత జాగ్రత్త అని చెప్పే పీజీ-13 అనే మెట్టు ఆ ఏడే వచ్చింది, ఈ సినిమా మీద వచ్చిన గోల కూడా అందుకు ఒక కారణం. పైగా అందులో ఒకమ్మాయి శాంటా తాత నిజంగా లేడన్న గుట్టు బయటపెడుతుంది. మీవాడు అది బళ్లో చెప్పాడంటే నలుగురు తల్లుల ఫోన్లు మీకే. ‘డై హార్డ్’ (1988), ‘లవ్ యాక్చువల్లీ’ (2003) రెండూ ఆర్ (పదిహేడేళ్ల లోపు వాళ్లు పెద్దలు వెంట లేకుండా చూడకూడదనే గుర్తు), పిల్లలు పడుకున్నాకే. ‘డై హార్డ్’ క్రిస్మస్ సినిమానా కాదా అని ఆఫీసులో వాదిస్తారు. ఏ పక్కన చేరినా ఫర్వాలేదు, చూసి ఉండాలి.

పెద్దలకు ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ (1946). విడుదలైనప్పుడు అంతగా ఆడలేదు. 1974లో కాపీరైటు పొడిగించుకోవడం మరిచారు, దాంతో టీవీ వాళ్లు హక్కుల డబ్బు కట్టకుండానే ఏటా తెగ వేసి ఇంటింటి సినిమా చేశారు. నిడివి 130 నిమిషాలు ఉందో లేదో చూసుకోండి. కుదించిన ప్రతి ఒకటుంది, అందులో అసలు కీలకమైన భాగమే ఉండదు, హీరో మనసు ఎందుకు మారిందో అర్థం కాదు.

యాప్‌లలో ఇవి ఒక ఏడాది ఉంటాయి, మరో ఏడాది మాయం. ఊరి లైబ్రరీలో డీవీడీలు ఊరికే ఇస్తారు, కానీ డిసెంబరులో అడిగితే వరస పొడుగు. నవంబరు మొదట్లోనే పేరు రాయించుకోండి.

కడపలో అవ్వాతాతలకూ చూపించాలంటే వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ పనిచేయకపోవచ్చు. సినిమాను ఎవరూ కాపీ చేసుకోకుండా యాప్ వాళ్లు పెట్టిన కట్టడి వల్ల అవతల నల్లగా కనబడుతుంది, మీ ఫోను తప్పు కాదు. ఎవరింట్లో వాళ్లు పెట్టుకుని ఒకేసారి నొక్కడమే. డాలస్‌లో పొద్దున 8 అయితే అక్కడ రాత్రి 7:30. అందుకు ‘ద స్నోమాన్’ (1982) మేలు: 26 నిమిషాలు, ఒక పాట తప్ప మాటలు దాదాపు లేవు, ఇంగ్లీషు రాకపోయినా ఇబ్బంది లేదు. వాళ్లు అక్కడ, మీరు ఇక్కడ బొరుగులు, వేయించిన శెనక్కాయలు పెట్టుకుని కూర్చోండి. చివర్లో మంచుబొమ్మ కరిగిపోతుంది. చిన్నదానికి ముందే చెప్పి ఉంచండి.