ముందు సీటని చెప్పి వెనక కూర్చోబెట్టారు, ఇప్పుడు ‘నో రిఫండ్’ అంటున్నారు

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, వయసు 71. నా భార్యకు 66. మాది తెనాలి. పూరీ, గయ, కాశీ, ప్రయాగ, అయోధ్య, నైమిశారణ్యం చూపిస్తామంటే మనిషికి 24,000 చొప్పున కట్టి ఒక ప్రైవేటు బస్సు యాత్రకు వెళ్లాం. కరపత్రంలో పుష్‌బ్యాక్ ఏసీ బస్సు, దంపతులకు విడి గది, పెద్దవాళ్లకు ముందు సీట్లు అని వేశారు. మా ఆవిడకు షుగరు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయని ముందే చెబితే లోకల్ ఏజెంటు ‘ముందు సీటు మీకే అమ్మా’ అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. తీరా బస్సెక్కాక చివరి వరసలో కూర్చోబెట్టారు. ఏసీ రాత్రిళ్లు మాత్రమే వేసేవారు. గయలో, కాశీలో గది లేదు, సత్రం హాల్లో అందరం వరసగా పడుకున్నాం, బాత్‌రూములు కింద ఉండేవి. డ్రైవరు ఒక్కడే రాత్రంతా నడిపేవాడు. ప్రయాగ చేరేసరికి మా ఆవిడ కాళ్లు వాచిపోయి షుగరు పెరిగింది. అక్కడి డాక్టరు ఇక బస్సు ప్రయాణం వద్దనడంతో దిగిపోయి, మా ఖర్చుతో రైల్లో ఇంటికొచ్చాం. డబ్బు అడిగితే కరపత్రం వెనక ‘ఎట్టి పరిస్థితుల్లో డబ్బు వాపసు లేదు, వివాదాలు హైదరాబాదు కోర్టుల పరిధిలోనే’ అని ఉందంటున్నారు. కాశీలో ‘యాత్ర బాగుంది’ అని రిజిస్టరులో అందరితో సంతకాలు కూడా పెట్టించారు. అడ్వాన్సు 10,000 బెంగళూరులో ఉండే మా అబ్బాయి ఫోన్‌పే చేశాడు, మిగతాది బస్సెక్కేటప్పుడు నగదుగా ఇచ్చాం, దానికి రసీదు లేదు. జరిగి ఏడాది కావస్తోంది. పుణ్యానికి వెళ్లొచ్చి గొడవలెందుకని మా ఆవిడ అంటోంది. మేం ఏమైనా అడగొచ్చా?

జవాబు: మాస్టారూ, అడగొచ్చు, నన్నడిగితే అడగాలి కూడా. ముందు అమ్మగారి మాటకు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామంది పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతారు. మీరు పోట్లాడుతున్నది దేవుడితో కాదు, క్షేత్రంతోనూ కాదు. ఆ నిర్వాహకుడు మీ దగ్గర తీసుకున్నది కానుకా కాదు, విరాళమూ కాదు, సీటుకూ గదికీ భోజనానికీ ధర కట్టి తీసుకున్న 48,000 రూపాయలు. చెప్పినవి ఇవ్వకపోతే లెక్క అడగడంలో పాపమేమీ లేదు. పెద్దవాళ్లు గొడవ పడరులే అన్న ధీమాతోనే చివరి వరస ఎప్పుడూ వాళ్లకే దక్కుతోంది, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మీకు దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. డబ్బు తీసుకుని ఇస్తానన్న సేవను ఇస్తానన్న తీరులో ఇవ్వకపోతే దాన్ని సేవాలోపం అంటారు, సెక్షన్ 2(11). ఇస్తానన్నది ఏమిటో తేల్చేది కరపత్రం, వాట్సాప్ మెసేజ్‌లు, ఏజెంటు పెట్టిన ఆ వాయిస్. అసలు మీ కేసుకు ప్రాణం ఆ వాయిస్ మెసేజే. నోటి మాటను ‘నేను అనలేదు’ అని కొట్టిపారేయొచ్చు, రికార్డయిన గొంతును అంత తేలిగ్గా కాదనలేరు. కాబట్టి ఫోను మార్చకండి, ఆ యాత్ర గ్రూపులోంచి కోపంతో బయటికి రాకండి, వాళ్లే మిమ్మల్ని ఇప్పటికే గ్రూపులోంచి తీసేసి ఉంటే పాత మెసేజ్‌లను మీ అబ్బాయి చేత చాట్ ఎక్స్‌పోర్ట్ చేయించి (సంభాషణ మొత్తాన్ని ఫైలుగా తీయించి) దాచండి. వీటిని వినియోగదారుల కమిషన్ (ఇలాంటి ఫిర్యాదులు విని తీర్పు చెప్పేది అదే) ముందు పెట్టేటప్పుడు ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం జతచేయాలి (2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియంలో అది సెక్షన్ 63, అంతకుముందు పాత సాక్ష్య చట్టంలో 65బీ అనేవాళ్లం).

‘డబ్బు వాపసు లేదు’ అన్న లైను గురించి భయపడకండి. మీరే మనసు మార్చుకుని ప్రయాణం మానుకుంటే ఆ షరతుకు కొంత బలం ఉండేది. వాళ్లు ఇవ్వాల్సింది ఇవ్వనప్పుడు అదే షరతును చూపించి తప్పించుకోవడం కుదరదు. ఒకవైపే మొగ్గే షరతులతో కొనుగోలుదారుడిని కట్టిపడేయలేరని సుప్రీంకోర్టు 2019లో పయనీర్ అర్బన్ కేసులో చెప్పింది. అది ఫ్లాట్ల కేసు, అయినా ఆ సూత్రం మీకూ పనికొస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఫిర్యాదులో ‘ఈ ఒప్పందం అన్యాయమైనది, రద్దు చేయండి’ అని రాస్తే, అన్యాయ ఒప్పందాల మీద విచారణ జిల్లా కమిషన్ చేతిలో లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లండి అంటారు. అందుకని మీరు సేవాలోపం అనీ అనుచిత వ్యాపార పద్ధతి అనీ మాత్రమే రాయండి. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సేవకు డబ్బు వాపసు ఇవ్వననడం, ఈ రెండూ సెక్షన్ 2(47)లో అనుచిత వ్యాపార పద్ధతుల కిందే ఉన్నాయి. నగదుకు రసీదు లేదన్నది మీకు నష్టమని మీరు అనుకుంటున్నారు, నిజానికి అది వాళ్ల తప్పు. ఆ వారంలో బ్యాంకులోంచి డబ్బు తీసినట్టు పాస్‌బుక్‌లో ఎంట్రీ, ‘మిగతాది బస్సెక్కేటప్పుడు ఇవ్వండి’ అనే మెసేజ్ లాంటిది ఏదైనా ఉంటే చాలావరకు సరిపోతుంది.

హైదరాబాదు కోర్టులన్న మాటను కూడా పక్కన పెట్టండి. 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు ఇదే, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు, సెక్షన్ 34(2)(డి). మీది తెనాలి కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లో వేయండి. మీరు కట్టిన మొత్తం 50 లక్షల లోపు కనుక అది జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తుంది, 5 లక్షల లోపు కనుక ఫీజు కూడా ఉండదు. అడ్వాన్సు కట్టింది మీ అబ్బాయి కాబట్టి కేసు తనే వేయాలేమోనన్న టెన్షన్ వద్దు, డబ్బు ఎవరు కట్టినా వాళ్ల సమ్మతితో సేవ పొందినవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. మీరిద్దరూ కలిసి ఒకే ఫిర్యాదు వేయండి. ఎదుటి పక్షంగా నిర్వాహకుడితో పాటు ఆ లోకల్ ఏజెంటు పేరు కూడా తప్పక పెట్టండి, లేకపోతే ఒకరు ‘అతన్ని అడగండి’ అంటే ఇంకొకరు ‘ఇతన్ని అడగండి’ అంటారు.

రిజిస్టరులో సంతకం సంగతి దాచకండి. వాళ్లు ఎలాగూ దాన్ని బయటికి తీస్తారు, మొదట చెప్పింది మీరే అయితే దాని పదును పోతుంది. యాత్ర సగంలో, ఇంకా వాళ్ల బస్సులోనే తిరగాల్సిన స్థితిలో, అందరూ పెడుతున్నారని పెట్టామని ఉన్నది ఉన్నట్టు రాయండి. అమ్మగారు మంచాన పడింది ఆ తర్వాతే కదా, ఆ వరసలోనే తేదీలు వేసి చెప్పండి.

ఇక మీకు నచ్చని మాట కూడా చెప్పాలి. బస్సు దిగిపోయింది మీరు కాబట్టి ‘వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు, అయోధ్య, నైమిశారణ్యం చూడకపోవడం మా తప్పా’ అని గట్టిగా వాదిస్తారు. దీనికి జవాబు ప్రయాగలో డాక్టరు రాసిన చీటీలో ఉంది. అందులో తేదీ, కాళ్ల వాపు, షుగరు రీడింగు ఉన్నాయా, ‘ప్రయాణం వద్దు’ అని రాశారా, నోటితో మాత్రమే చెప్పారా అన్నది చూడండి. రాసి ఉంటే రైలు చార్జీలు, మందుల ఖర్చు, చూడని క్షేత్రాల వాటా కూడా ధైర్యంగా అడగొచ్చు. రాసి లేకపోతే సీటు, గది, ఏసీ మీదే ఎక్కువ బరువు పెట్టండి, ఎందుకంటే అవి మీరు దిగినా దిగకపోయినా జరిగిన లోపాలే. కాశీలో బస్సు ఊరి బయట ఆపేశారు, ఆటోలకు మేమే పెట్టుకున్నాం, వంట కారంగా ఉంది, దర్శనానికి గంటలకొద్దీ నిలబడ్డాం, ఇలాంటివి ఫిర్యాదులో కలపకండి. గుడి దాకా పెద్ద బస్సు వెళ్లదు, ఆటోలు ఎవరి ఖర్చు వారిదేనని కరపత్రంలో సాధారణంగా వేస్తారు. చిన్న అసంతృప్తులన్నీ గుప్పిస్తే అసలైన మూడు విషయాలు వాటి కింద పడి కనిపించవు.

డ్రైవరు ఒక్కడేనన్న సంగతి మాత్రం చిన్నది కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 91 డ్రైవరు పని గంటలకు హద్దు ఉండాలంటుంది, మామూలుగా అది రోజుకు 8 గంటలు, మధ్యలో విశ్రాంతి కూడా ఇవ్వాలి. 40, 50 మంది పెద్దవాళ్లను ఎక్కించుకుని రాత్రంతా ఒక్కడి చేత నడిపించడం ప్రాణాలతో ఆడుకోవడమే, దీన్ని వివరంగా రాయండి. ఫొటోల్లో ఎక్కడైనా బస్సు నంబరు పడి ఉంటే ఎమ్‌పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, బండి ఏ తరగతిదో, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు, వినియోగదారుల చట్టం సెక్షన్ 69. ఏడాది కావస్తోందంటున్నారు కాబట్టి ఇంకా చేతిలో సమయం ఉంది గానీ సాగదీయకండి. ముందు నిర్వాహకుడికీ ఏజెంటుకూ ఒక నోటీసు పంపండి. అది తప్పనిసరి కాదు, కానీ నోటీసు అందగానే దారికొచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. ఏమిస్తామన్నారు, ఏమిచ్చారు, ఎంత అడుగుతున్నారు అన్నది ఒక్క పేజీలో రాసి, 15 రోజులు గడువిచ్చి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఈలోగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, వాళ్లు తీర్పు చెప్పరు గానీ ఎదుటివాడితో మాట్లాడి చూస్తారు.

కదలకపోతే కేసు. ఫిర్యాదును ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. అమ్మగారిని బోనెక్కిస్తారేమోనని మీకు దిగులుంటే, ఈ కేసులు మామూలుగా అఫిడవిట్లు, కాగితాల మీదే నడుస్తాయి, వీడియోలో హాజరవుతామని కూడా అర్జీ పెట్టుకోవచ్చు. ఎదుటివాళ్లు కమిషన్ నోటీసు అందిన 30 రోజుల్లో, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి, ఆ 45 రోజులు దాటితే ఇక ఒప్పుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇలాంటి కేసును మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉన్నా, మీరు అంతకంటే ఎక్కువే పడుతుందనుకుని మొదలుపెట్టండి.

ఎంత అడగాలి? పది లక్షలని రాయకండి, నమ్మకం పోతుంది. సీటు, ఏసీ, గది ఇవ్వనందుకు కట్టినదాంట్లో న్యాయమైన వాటా, చూడని క్షేత్రాల వాటా, రైలు టికెట్లు, డాక్టరు ఖర్చు, మనోవేదనకు ఒక సబబైన మొత్తం, కేసు ఖర్చులు, ఒక్కోదానికి పక్కనే లెక్క చూపించండి. మధ్యలో రాజీకి వచ్చి వచ్చే యాత్రకు ఉచితంగా తీసుకెళ్తామంటే, అమ్మగారి ఆరోగ్యం చూసి ఆలోచించండి, నేనైతే డబ్బే తీసుకోమంటాను. రాజీ ఏదైనా కాగితం మీద, కమిషన్ ముందు రికార్డు చేయించుకోండి. ఆర్డరు వచ్చాక కూడా ఇవ్వకపోతే సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. గయలో మీ పక్కనే హాల్లో పడుకున్న జంటలో ఒక్కరైనా ‘మాకూ గది ఇవ్వలేదు’ అని అఫిడవిట్ ఇవ్వడానికి ఒప్పుకుంటారేమో ఫోన్ చేసి అడగండి. పదిమంది అక్కర్లేదు, ఒక్కరు చాలు. వాళ్లు కేసు వేయనక్కర్లేదని కూడా చెప్పండి, ఆ భయంతోనే చాలామంది వెనకాడతారు.